డీఎన్ఏ రిపోర్టు ఆలస్యం ఎక్కడ మొదలవుతుంది?

డీఎన్ఏ రిపోర్టులు రాక పెండింగ్‌లో ఉన్న కేసుల మీద మళ్లీ చర్చ మొదలైంది. ఎప్పటిలాగే అందరి వేళ్లూ ఫోరెన్సిక్ ల్యాబ్ వైపే. హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీలో డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ మీద లాల్జీ సింగ్ చేసిన కృషి తెలియనివాళ్లు తక్కువ కాబట్టి అక్కడి నుంచి ఎత్తుకోనక్కర్లేదు. ఇప్పటి గొడవకు మూలం 2018లో ఉంది.

జమ్ముకశ్మీర్‌లోని కఠువాలో చిన్నారిపై జరిగిన అత్యాచారం, హత్య తర్వాత ఆ ఏడాది చట్టం సవరించి, అత్యాచార కేసుల దర్యాప్తు రెండు నెలల్లో పూర్తి కావాలన్నారు. గడువు పోలీసులకు పెట్టారు. ల్యాబ్‌లో అంత వేగంగా పని జరగాలంటే ఎంతమంది కావాలో ఆ సవరణ పట్టించుకోలేదు. దాంతో ‘ఎఫ్ఎస్ఎల్ (ఫోరెన్సిక్ ల్యాబ్) రిపోర్టు రావాల్సి ఉంది’ అని రాసి చార్జిషీటు వేసెయ్యడం మామూలైపోయింది. గడువులోగా చార్జిషీటు వేయకపోతే నిందితుడికి బెయిల్ వస్తుందన్న టెన్షన్ దాంతో స్టేషన్‌కు తీరిపోతుంది. ఎదురుచూపులు మిగిలేది బాధితురాలికి. 2019లో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఆమోదించిన దిశ బిల్లయితే దర్యాప్తుకు ఏడు పనిదినాలే ఇచ్చింది. విభజనలో హైదరాబాద్ రెడ్ హిల్స్‌లోని ఫోరెన్సిక్ ల్యాబ్ తెలంగాణకు వెళ్లిపోయిన రాష్ట్రం అది.

శాంపిల్స్ పంపేశాం, రిపోర్టే రావడం లేదన్నది పోలీసుల మాట. ల్యాబ్ వైపు చెప్పేది కూడా వినాలి. సాక్ష్యంగా తీసుకున్న తడి బట్టలను నీడలో ఆరబెట్టి కాగితం కవర్లో పెట్టాలి. ప్లాస్టిక్ సంచిలో మూట కట్టి పంపితే బూజు పట్టి డీఎన్ఏ పాడవుతుంది. పోల్చడానికి నిందితుడి రక్తం రాకపోతే పార్సిల్ అలా ఉండిపోతుంది. మెషీన్ మీద పని గంటల్లో అయిపోవచ్చు. ఏ మరకలో ఏముందో ముందు వెతకడం, ఒకరికి మించి డీఎన్ఏ కలిసిన ప్రొఫైళ్లను విడదీసి చదవడం, మరో నిపుణుడితో సరిచూపించడం మనుషులు చేసే పని. పైగా కోర్టు సమన్లు వస్తే ఆ నిపుణులే వెళ్లి సాక్ష్యం చెప్పాలి.

ఆలస్యం ల్యాబ్ గేటు బయటే మొదలవుతుందనడానికి ఢిల్లీలో ఓ అమ్మాయిపై అత్యాచారం, హత్య జరిగిన ఛావ్లా కేసు ఉదాహరణ. 2012 ఫిబ్రవరి 14, 16 తేదీల్లో సేకరించిన శాంపిల్స్ 27 దాకా పోలీస్ స్టేషన్ మాల్ఖానాలోనే (స్వాధీనం చేసుకున్న వస్తువులు దాచే గదిలోనే) ఉన్నాయి. ఈలోగా వాటిని ఎవరూ తాకలేదని నమ్మలేమని 2022లో సుప్రీంకోర్టు అంది. కింది కోర్టులు ఉరిశిక్ష వేసిన ముగ్గురూ విడుదలయ్యారు. ఆ అమ్మాయి తల్లిదండ్రులకు పదేళ్ల తర్వాత దక్కిన జవాబు ఇదీ.

2024 జులై 1న అమల్లోకి వచ్చిన కొత్త నేర విచారణ చట్టం (బీఎన్ఎస్ఎస్) ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వెళ్లి తీరాలంటోంది. అమలుకు రాష్ట్రాలకు ఐదేళ్ల వెసులుబాటు ఇచ్చారు. పని పెరుగుతుందని దీంతో ముందే తెలిసిపోయింది.

2025 జులైలో, తమిళనాడు జంట హత్యల కేసులో ఉరిశిక్ష పడిన మనిషిని విడుదల చేస్తూ సుప్రీంకోర్టు మరో మాట చెప్పింది. డీఎన్ఏ శాంపిల్ సేకరించిన 48 గంటల్లోగా ల్యాబ్‌కు చేరాలి, కుదరకపోతే కారణం కేస్ డైరీలో రాయాలి. శాంపిల్ ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో రిజిస్టర్ ఉండాలి. ఇప్పుడు పెండింగ్ లెక్క అడుగుతున్నవాళ్లు ల్యాబ్‌తో పాటు ప్రతి స్టేషన్ నుంచీ ఆ రిజిస్టర్ తెప్పించుకోవాలి.