ట్యూన్ ఎక్కడ పోయింది: ఫైనల్ ఫాంటసీ 10 నుంచి నడుస్తున్న తగువు

ఎక్స్‌పెడిషన్ 33 అనే వీడియో గేమ్ సంగీతానికి అవార్డు వచ్చిన దగ్గర్నుంచి, ఆటలో సంగీతమంటే గుర్తుండిపోయే ట్యూనా, వెనకాల పరుచుకునే మూడా అనే పాత పంచాయితీ మళ్లీ మొదలైంది. 2025 డిసెంబర్‌లో జరిగిన ది గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ సంగీతం బహుమతి లోరియన్ టెస్టార్‌కి వెళ్లింది. ఫ్రాన్స్‌లోని మోంపెలియేలో ఉన్న శాండ్‌ఫాల్ స్టూడియో చేసిన ఆట అది. 150కి పైగా ట్రాక్‌లు, దాదాపు ఎనిమిది గంటల సంగీతం. ఇక చూస్కోండి, "ట్యూన్ ఉంటే జనం నెత్తిన పెట్టుకుంటారు, ఇన్నేళ్లూ మూడ్ పేరుతో మమ్మల్ని మోసం చేశారు" అని ఒక వర్గం లేచింది. ఆ మోసం చేసినవాళ్ల జాబితాలో మొదటి పేరుగా ఎప్పట్లాగే, జపాన్ వీడియో గేమ్ సిరీస్ ఫైనల్ ఫాంటసీ కంపోజర్లలో ఒకడైన మసాషి హమావుజుని లాక్కొచ్చారు.

ఎక్స్‌పెడిషన్ 33 దర్శకుడు గియోమ్ బ్రోష్ తనమీద ఫైనల్ ఫాంటసీ ప్రభావం ఎంతో చాలాసార్లు చెప్పాడు, అందులోనూ పదో భాగం గురించి. కాబట్టి తగువు అక్కడికి వెళ్లడం సహజమే. కానీ వెళ్లినవాళ్లు అక్కడ చూడాల్సింది చూడకుండా వెనక్కి వచ్చేస్తున్నారని నా బాధ.

ఫైనల్ ఫాంటసీకి మొదట్నుంచీ సంగీతం రాసిన నొబువొ ఉయెమత్సు ఎవరో, 1987లో మొదటి ఆట ఎలా వచ్చిందో ఇక్కడ మళ్లీ రాయను, వాదించుకుంటున్నవాళ్లకి అదంతా కంఠతా వచ్చు. నేరుగా 2000-2001కి వద్దాం. తొమ్మిదో భాగం 2000 జులైలో వచ్చింది, దానికి ఉయెమత్సు ఒక్కడే దాదాపు 160 ముక్కలు రాశాడు. దాదాపు ఏడాదికి, 2001 జులై 19న పదో భాగం జపాన్‌లో వచ్చింది, ఆన్‌లైన్ ఆట అయిన పదకొండోది కూడా ఆ వెనకే తయారవుతోంది. మనిషన్నవాడు ఎన్నని రాస్తాడు? అందుకని ప్రధాన భాగాల్లో మొదటిసారి సంగీతం పంచుకున్నారు. ఉయెమత్సుతో పాటు హమావుజు, జున్యా నకానో చేరారు. ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే ఉయెమత్సులా రాయగలవాళ్లని వెతికి తేలేదు. ఆయనలా రాయనివాళ్లు, అయినా ఆయనతో కలిసి పనిచేయగలవాళ్లు అనే ఈ ఇద్దర్నీ తీసుకున్నారు. అంటే తేడా పొరపాటున దొర్లింది కాదు, కోరి తెచ్చుకున్నదే.

ఉయెమత్సు సంగీతం తనంతట తాను నేర్చుకున్న మనిషి, రాక్ వింటూ పెరిగాడు. హమావుజు మ్యూనిక్‌లో పుట్టాడు, టోక్యోలో సంగీతం కాలేజీలో చదువుకున్నాడు, ఈ ఆటకి ముందే 1999లో సాగా ఫ్రాంటియర్ 2కి సంగీతం ఇచ్చాడు. ఇద్దరికీ అంతకుముందే చిన్న ముడి ఒకటి ఉంది. ఏడో భాగం చివర్లో వచ్చే "వన్ వింగ్డ్ ఏంజెల్"లో కోరస్ పాడిన ఎనిమిది మందిలో హమావుజు ఒకడు. ఆయన్ని ఉయెమత్సుకి శత్రువుగా నిలబెట్టేవాళ్లలో చాలామందికి ఇది తెలీదు.

సరే, అసలు సంగతి. పదో భాగం గురించి సంగీతం వైపు నుంచి రాసేవాళ్లంతా "ముగ్గురు కంపోజర్లు" అనే దగ్గరే ఆగిపోతారు. నా దృష్టిలో మొత్తాన్ని తిప్పేసింది అది కాదు. ప్రధాన భాగాల్లో పాత్రలు నోరు విప్పి మాట్లాడిన మొదటి ఆట ఇదే. అంతకుముందు తొమ్మిది భాగాల్లో డైలాగ్ అంటే తెర మీద డబ్బాలో అక్షరాలు. పాత్ర ఏడుస్తోందా, వేళాకోళం చేస్తోందా, భయపడుతోందా అన్నది మనకి చెప్పాల్సింది ట్యూనే. ఇంకో గొంతు లేదు మరి. ఏడో భాగంలో ఏరిత్ అనే అమ్మాయి థీమ్ గుర్తున్నంతగా ఆమె అన్న ఒక్క మాట కూడా ఎవరికీ గుర్తులేకపోవడానికి కారణం అదే.

దీనికి తోడు యంత్రం సంగతి ఉండనే ఉంది. మొదటి భాగాలు నడిచిన నింటెండో ఫామికామ్ మెషీన్‌లో స్వరం పలికించడానికి ఉన్నవి మూడే చానళ్లు, ఇంకొకటి దబదబ శబ్దానికి. సూపర్ ఫామికామ్‌లో 8. ప్లేస్టేషన్‌లో 24. ప్లేస్టేషన్ 2కి వచ్చేసరికి 48. మూడు గొంతులతో వాతావరణం కట్టడం అయ్యే పని కాదు. ఒకటి ట్యూన్ పాడాలి, మిగతావి దాన్ని మోయాలి. ఆ ఇరుకులో ఉయెమత్సు మహారాజు, దానికి తిరుగులేదు. యాభైసార్లు తిరిగినా విసుగురాని ట్యూన్ రాయడం అందరికీ చేతనయ్యేది కాదు. కానీ 48 గొంతులు చేతికొచ్చి, పైన పాత్రలు కూడా మాట్లాడుతున్నప్పుడు అదే పద్ధతి పనిచేస్తుందా? వయొలిన్ గట్టిగా ఒక పాట అందుకుంటే మనిషి మాట దానికింద పడి నలిగిపోతుంది. మన సినిమాల్లో పాట వేరు, రీరికార్డింగ్ వేరు అని అందరం ఒప్పుకుంటాం కదా, మంచి పాట కట్టినవాడికి ఆర్‌ఆర్ రాదని తిట్టడం, ఆర్‌ఆర్ బాగా చేసేవాడికి పాటలు రావని తిట్టడం కూడా మనకి అలవాటే. 2001 దాకా ఈ ఆటల్లో ఆ రెండూ ఒకే పని.

ఆట మొదలయ్యే సీన్ తీసుకోండి. శిథిల నగరం ముందు చలిమంట, చుట్టూ ఆయుధాలు నేలకి గుచ్చి కూర్చున్న మనుషులు, ఎవరూ మాట్లాడరు. ఆట హీరో టీడస్ లేచి, హీరోయిన్ యూనా భుజం మీద చెయ్యేసి, దిబ్బ ఎక్కి దూరంగా చూస్తాడు. ఇంతసేపూ వినిపించేది పియానో ఒక్కటే, "టు జానార్కండ్". ఉయెమత్సు రాసిన వాటిలో దీన్ని మించింది లేదనేవాళ్లున్నారు, నేనూ కాదనను. ఫ్లూట్ వాయించే ఒక స్నేహితుడి కచేరీ కోసం మొదట రాసి, మరీ దిగులుగా ఉందని పక్కన పెట్టిన ముక్క అది. చివర్లో టీడస్ గొంతు వస్తుంది, నా కథ వినండి అని. అంటే ఆ ట్యూన్‌కి అంత చోటు దొరికింది ఎందుకంటే అక్కడ అందరూ నోరు మూసుకుని ఉన్నారు కాబట్టి! దీన్ని ట్యూన్ గెలుపుగా చూపించేవాళ్లు ఈ మౌనం లెక్కలోకి తీసుకోరు.

ఇప్పుడు ఇంకొంచెం ముందుకి రండి. టీడస్ బెసైడ్ దీవి ఒడ్డున తేలతాడు, వాక్కా పరిచయమవుతాడు, నీళ్లలో ఈదుకుంటూ, వాగుకుంటూ ఊరివైపు వెళ్తారు. ఇక్కడ వినిపించే "బెసైడ్ ఐలాండ్" హమావుజుది. ఈల వేద్దామంటే ఎక్కడ పట్టుకోవాలో వెంటనే తెలీదు, చిన్న చిన్న స్వరాలు ఒకదాని మీద ఒకటి జారుకుంటూ పోతుంటాయి, శ్రుతి ఎక్కడ నిలబడుతుందా అని చూసేలోపు పక్కకి జరుగుతుంది. కానీ ఎండ, తడి, ఏం చేయాలో తోచని కుర్రాడి ఖాళీతనం అన్నీ ఉంటాయి, పైన వాక్కా ఎంత వాగినా దేనికీ దెబ్బ తగలదు. అది ట్యూన్ లేకపోవడం కాదు, ట్యూన్‌ని ముక్కలు చేసి మాటల మధ్య చోట్లలో సర్దడం. ఇదే మనిషి బెవెల్ నగరంలో జరిగే పెళ్లి మీద దాడికి దిగేచోట "అసాల్ట్" రాశాడు, దాంట్లో పియానో పరుగెత్తుతుంటే ఎవరికీ మూడ్ మ్యూజిక్ అనే మాట నోట్లోంచి రాదు.

నకానో గురించి ఈ తగువులో ఎవరూ మాట్లాడరు, పాపం. నేనూ ఎక్కువ మాట్లాడటం లేదు.

రెండు పద్ధతులూ ఎదురెదురుగా నిలబడ్డ చోటు ఆట కాదు, 2002లో వచ్చిన పియానో ఆల్బమ్. పదో భాగంలోంచి 15 ముక్కలు, మొత్తం అరేంజ్ చేసింది హమావుజు, వాయించింది అకి కురోద. ఉయెమత్సు ట్యూన్లు కూడా హమావుజు చేతిలోంచే వచ్చాయన్నమాట. వినండి, ట్యూన్ ఎక్కడా చెరిగిపోలేదు, దాని కింద నేల మాత్రం కదులుతుంది. ఉయెమత్సు ఒక కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) మీద నిలబెట్టినదాన్ని హమావుజు నాలుగు కార్డ్‌ల మీద నడిపిస్తాడు. దీన్ని పాడుచేయడం అనేవాళ్లతో నాకు పేచీ, అయితే ఆల్బమ్ మొదటిసారి విన్నప్పుడు మనకి తెలిసిన పాట కోసం చెవి తడుముకుంటుందని మాత్రం ఒప్పుకోవాలి.

ఇక 2009కి. మధ్యలో పదో భాగానికి కొనసాగింపుగా వచ్చిన పది-రెండు పూర్తిగా పాప్ దారి పట్టింది, పన్నెండో భాగం హితోషి సకిమొతో చేతికి వెళ్లింది, ఉయెమత్సు 2004లో ఈ ఆటలు చేసే స్క్వేర్ ఎనిక్స్ కంపెనీలో ఉద్యోగం వదిలి సొంతంగా బయటికి వచ్చాడు, వీటిని దాటేద్దాం. పదమూడో భాగానికి మెయిన్ థీమ్ ఉయెమత్సు రాయాల్సింది, ఆయన పద్నాలుగో భాగానికి ఒప్పుకోవడంతో అది కూడా హమావుజుకే వచ్చింది. అప్పుడు జరిగింది అసలు రభస. ఎప్పుడూ ఉండే "ప్రెల్యూడ్" లేదు, పాత మెయిన్ థీమ్ లేదు, ఫైట్ గెలిస్తే మోగే ఆ పాత విజయగీతం కూడా లేదు. అభిమానుల మాట కూడా చెప్పాలి కాబట్టి చెప్తున్నా: ఇరవై ఏళ్లు గెలిచిన ప్రతిసారీ విన్న పాట మాయమైతే ఇల్లు మారినట్టు ఉంటుంది, కోపం రావడం తప్పు కాదు. కానీ ఆ కోపంలో "హమావుజుకి ట్యూన్ రాదు" అనే తీర్పు పుట్టుకొచ్చింది, అదే ఈ రోజు వరకూ తిరుగుతోంది. అదే ఆటలో మామూలు ఫైట్లకి వచ్చే "బ్లైండెడ్ బై లైట్"లో వయొలిన్ మీద నడిచేది ట్యూన్ కాకపోతే మరేంటి? లైట్నింగ్ పాత్ర థీమ్ కూడా అదే ట్యూన్, ఆట నిండా అది రూపాలు మార్చుకుని తిరుగుతుంది. పైగా ఫైట్లలో వచ్చేది కాబట్టి అక్కడ కథ మాట్లాడదు, ట్యూన్ తల ఎత్తుకోవచ్చు. 2001లో ఉయెమత్సు చలిమంట దగ్గర చేసిన పనే ఇది, వేరే చోట చేశాడు, అంతే.

ఆ తర్వాత కంపెనీ కూడా ఈ తగువుని తీర్చలేక ఒక స్విచ్ పెట్టేసింది. 2013 చివర్లో పదో భాగం హెచ్‌డీ రీమాస్టర్ వచ్చినప్పుడు చాలా ట్రాక్‌లు కొత్తగా అరేంజ్ చేశారు, జనం మండిపడ్డారు. 2015లో ప్లేస్టేషన్ 4కి తెచ్చినప్పుడు పాతదో కొత్తదో మీరే ఎంచుకోండి అన్నారు. నేనైతే పాతదే పెట్టుకుంటాను, దానికి సిద్ధాంతం ఏమీ లేదు.

2020 ఏప్రిల్ 10న వచ్చిన ఏడో భాగం రీమేక్ నా వాదనకి దొరికిన గట్టి సాక్ష్యం. 1997లో ఎవరూ మాట్లాడని ఆట అది, ప్రతి వీధికీ ఉయెమత్సు ట్యూన్ ఉంది. రీమేక్‌లో ప్రతి ఒక్కడూ మాట్లాడతాడు, నడుస్తూ కూడా మాట్లాడతాడు. ఆ ట్యూన్లని అలాగే వాయిస్తే ఒక్క డైలాగ్ వినపడదు. ఉయెమత్సు థీమ్ పాట "హాలో" ఇచ్చాడు, మిగతా భారంలో ఎక్కువ భాగం హమావుజు, మిత్సుతో సుజుకి మోశారు. వీధిలో తిరుగుతున్నప్పుడు ట్యూన్ కింద పాకుతూ ఉంటుంది, శత్రువు కనపడగానే అదే ట్యూన్ ఎక్కడా తెగకుండా ఫైట్ రూపంలోకి లేస్తుంది, అది అవగానే మళ్లీ కిందికి దిగుతుంది. ఆ పని హమావుజుకి ఎందుకు అప్పజెప్పారో ఆయన్ని తిట్టేవాళ్లు ఒక్కసారి ఆలోచించాలి, ఎందుకంటే ఆ ఆట సంగీతాన్ని ఆకాశానికి ఎత్తిందీ వాళ్లే.

ఇప్పుడు టెస్టార్ దగ్గరికి. ఎక్స్‌పెడిషన్ 33లో కూడా పాత్రలన్నీ మాట్లాడతాయి, మంచి నటులే గొంతిచ్చారు. గొంతెత్తి పాడే పాటలు ఎక్కువగా ఎక్కడ వస్తాయో గమనించండి: ఫైట్లలో, ఒంటరిగా తిరిగేచోట. ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే సీన్లలో ఆ సంగీతం ఎంత తగ్గి ఉంటుందో, ఎన్నిసార్లు ఒట్టి పియానో ముక్కలుగా విడిపోతుందో ఈసారి ఆడేటప్పుడు వినండి. అవార్డు చూపించి హమావుజుని కొట్టాలనుకునేవాళ్లు కనీసం ఆ సీన్లకి సౌండ్ పెంచి, ఆ తర్వాత మాట్లాడండి.