ఎనిమిదో ఎముక

చిరంజీవి మనవడికి, ఈ ఉత్తరాన్ని పక్కన కూర్చొని చదివిపెట్టే మనవరాలికి తాత దీవెనలు.

సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గర సత్తుపిండి డబ్బా పట్టుకొని ఉరుకుతూ బండ మీద జారి, అరచెయ్యి నేలకు ఆనించి పడ్డావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎముక విరగలేదు, బెణికిందంతే అని డాక్టరు చెప్పినా నీకు నమ్మకం కుదరలేదట. "తాతా, విరగలేదంటున్నరు గని ఎక్స్‌రేల నా చెయ్యంత ముక్కలు ముక్కలే ఉన్నది, పెద్ద ఎముకకు అడ్డంగ గీత గూడ ఉన్నది" అని నీవు అడిగితే ఆ రోజు నవ్వి ఊరుకున్నాను. తరువాత ఆలోచిస్తే అది నవ్వవలసిన ప్రశ్న కాదని తోచింది.

మణికట్టు ఒక ఎముక కాదు. ముంజేతిలోని రేడియస్, అల్నా అనే రెండు పొడవాటి ఎముకలకూ అరచేతి ఎముకలకూ నడుమ, వరుసకు నాలుగు చొప్పున ఎనిమిది చిన్న ఎముకలు, మీ అక్క ఆడే గచ్చకాయల్లాగా, ఒకదాని పక్కన ఒకటి ఒదిగి ఉంటాయి. సంధిబంధనాలనే గట్టి నారలు వాటిని చెదరకుండా పట్టి ఉంచుతాయి. నీవు చెయ్యి వంచినప్పుడల్లా అవి ఒకదాని మీద ఒకటి కొంచెం కొంచెంగా జరుగుతాయి. ఆ చిన్న చిన్న కదలికలన్నీ కలిస్తేనే నీ చెయ్యి అంత వంగుతుంది. కాబట్టి నీవు చూసిన ముక్కలు పడినందువల్ల అయినవి కావు, పుట్టుకతో వచ్చినవి. ఇక ఆ అడ్డగీత పగులు కాదు. అక్కడ మెత్తని మృదులాస్థి పొర ఉన్నది, ఎక్స్‌రేలో అది కనబడదు గనుక ఖాళీలాగా తోస్తుంది. నీ చెయ్యి పొడవు పెరిగేది ఆ పొర దగ్గరే. పదహారు, పద్దెనిమిదేళ్ల ప్రాంతంలో అది పూర్తిగా ఎముకగా మారి గీత మాయమవుతుంది.

అసలు విశేషం ఎముకలలో కంటే వాటి మీదుగా పోయే తాళ్లలో ఉన్నది. అది తెలియాలంటే మోటబావి తెలియాలి, మీరేమో మోటబావిని చూడలేదు. మన ఊళ్లో కరెంటు మోటార్లు రాకముందు బావి గట్టున ఒక గిరక ఉండేది. దాని మీదుగా దిగిన లావు మోకుకు పెద్ద బొక్కెన, కింద ఇంకో చిన్న గిరక మీదుగా పోయే సన్నతాడుకు దాని తోలు తొండం కట్టేవారు. ఎద్దులు బావికి అవతల వాలు దారిలో కిందికి నడిస్తే బొక్కెన పైకి వచ్చి, తొండంలో నుంచి నీళ్లు కాలువలో పడేవి. ఎద్దులు ఒక చోట, నీళ్లు ఇంకొక చోట. మన చెయ్యి కూడా అంతే. వేళ్లలో కండ లేదు; వేళ్లను గట్టిగా ముడిచే ఎద్దులన్నీ ముంజేతిలో, మోచేతి వైపు ఉన్నాయి. నమ్మకం లేకపోతే ముంజేతిని రెండో చేతితో పట్టుకొని పిడికిలి బిగించి చూడు, లోపల ఎద్దులు నడవడం తెలుస్తుంది.

ఆ కండల నుంచి బయలుదేరిన తాళ్లే స్నాయుబంధనాలు. మోటకు రెండు తాళ్లున్నట్లే నాలుగు వేళ్లలో ఒక్కొక్కదానికి రెండేసి తాళ్లు: ఒకటి వేలి నడిమి కణుపు దాకా, ఒకటి కొస దాకా పోతుంది. బొటనవేలికి ఒకటే. మొత్తం తొమ్మిది తాళ్లు, వాటితోపాటు ఒక నరం, మణికట్టు దగ్గర ఒకే ఇరుకు సొరంగంలో నుంచి దూరుతాయి. ఆ సొరంగానికి ఎముకలే అడుగు, గట్టి నారపట్టీ పైకప్పు. లోపల వాపు వస్తే ముందు నలిగేది ఆ నరమే. మీ అమ్మమ్మ నడిరాత్రి లేచి, వేళ్లు తిమ్మిరెక్కాయని చెయ్యి విదిలించుకొనేది అందుకే.

ఇప్పుడు ఒక పని చెయ్యండి. మణికట్టును లోపలికి పూర్తిగా వంచి, అలాగే ఉంచి, పిడికిలి బిగించండి. బిగుసుకోదు. మోకు వదులుగా ఉంటే ఎద్దులు దారి చివరిదాకా నడిచినా బొక్కెన పూర్తిగా పైకి రాదు కదా, ఇదీ అంతే. వరి కోసే మనిషి కొడవలి పట్టిన చేతిని చూడండి, మణికట్టు కొంచెం వెనక్కి వంగి ఉంటుంది. ఆమెకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

మోట సంగతి ఎత్తాను గనుక నా కథ కూడా చెప్పాలి. ఎద్దులు వాలులో దిగేటప్పుడు తోలేవాడు మోకు మీద కూర్చొనేవాడు, తన బరువు కూడా లాగుడుకు తోడవుతుందని. పదహారో ఏట నేను అలా కూర్చొని, మధ్యలో దూకబోయి, నీలాగే అరచెయ్యి ఆనించి పడ్డాను. బాపు కోపగిస్తాడని ఎవరికీ చెప్పలేదు. వాపు తీసింది గానీ నొప్పి పోలేదు. ఏళ్ల తరువాత ఎక్స్‌రే తీయిస్తే, బొటనవేలి వైపున పడవ ఆకారంలో ఉండే స్కాఫాయిడ్ అనే ఎముక రెండు ముక్కలై అలాగే ఉండిపోయిందని తెలిసింది. ఆ ఎముకకు నెత్తురు ఎక్కువగా వేళ్ల వైపు నుంచి ప్రవేశించి వెనక్కి పారుతుంది. నడుమ విరిగితే, గండి పడిన కాలువ కింద చివరి మడి ఎండినట్లు, వెనక ముక్కకు నెత్తురు సరిగా అందకపోవచ్చు. ఈనాటికీ నేను ఆ అరచెయ్యి నేలకు ఆనించి లేవలేను. ఆ విరుగు మొదటి ఎక్స్‌రేలో ఒక్కోసారి కనబడదు కూడా. బొటనవేలు పైకి లేపితే దాని మొదట్లో ఒక చిన్న గుంట పడుతుంది. పూర్వం ముక్కుపొడి అక్కడ పోసుకొని పీల్చేవారు, డాక్టర్లు దానికి పెట్టిన పేరు కూడా ముక్కుపొడి డబ్బీయే. అక్కడ నొక్కితే నొప్పి ఉంటే దాచకుండా అమ్మకు చెప్పు. మళ్లీ ఎక్స్‌రేకు రమ్మంటే విసుక్కోకుండా వెళ్లు.

ఎముకలు ఎనిమిది అని చెప్పాను గదా, ఫిలిమును కిటికీకి ఎదురుగా పట్టుకొని లెక్కపెడితే ఎనిమిదేళ్ల నీకు ఏడే దొరకవచ్చు. డాక్టరును తప్పు పట్టవద్దు. నీవు పుట్టిననాడు తీసి ఉంటే బహుశా ఒక్కటీ కనబడేది కాదు, అన్నీ అప్పుడు మృదులాస్థే. అవి ఒక్కొక్కటిగా గట్టిపడుతూ వచ్చాయి. బఠాణీ గింజంత ఉండే చివరిది సాధారణంగా తొమ్మిది, పన్నెండేళ్ల మధ్య గానీ ఫిలిములో కనబడదు.

ఫిలిములో లేకపోయినా అది చేతిలో ఉన్నది. వాచిన చెయ్యిని వదిలిపెట్టి రెండో చెయ్యి ఒడిలో పెట్టుకో. చిటికెన వేలి వైపు, మణికట్టు గీత దాటగానే అరచేతి మొదట్లో చిన్న గుబ్బ తగులుతుంది. చెయ్యి వదులుగా ఉంచి, మీ అక్కను ఆ గుబ్బను పక్కకు నెట్టమను. తరువాత మణికట్టును వెనక్కి వంచి మళ్లీ నెట్టమను. మొదట కదిలినది రెండోసారి ఎందుకు మొరాయించిందో ఇద్దరూ కలిసి ఆలోచించి, జవాబు రాయండి. అది ఒక తాడులో ఇమిడి ఉన్న ఎముక అని మాత్రం చెబుతున్నాను.

ఇట్లు,
మీ తాత