పువ్వుల రంగు, మైక్రో ఆర్‌ఎన్‌ఏలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: మైక్రో ఆర్‌ఎన్‌ఏ పెరిగితే పువ్వు రంగు పాలిపోతుంది.

వాస్తవం: మైక్రో ఆర్‌ఎన్‌ఏ అంటే ఇతర జన్యువుల పనిని ఆపే చిన్న ఆర్‌ఎన్‌ఏ. అది దేన్ని ఆపుతోందో, అంటే దాని లక్ష్యం ఏమిటో చూడకుండా ఆ మాట అనలేం. అరబిడాప్సిస్ అనే ప్రయోగశాల మొక్కలో మిర్156 అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏ తగ్గించేది ఎస్‌పీఎల్9 అనే నియంత్రక ప్రొటీన్‌ను. ఎరుపు, ఊదా రంగులిచ్చే ఆంథోసయనిన్ తయారీ జన్యువులు పనిచేయాలంటే పీఏపీ1, టీటీ8, టీటీజీ1 అనే ప్రొటీన్లు మూడూ జట్టుకట్టాలి. ఎస్‌పీఎల్9 వచ్చి పీఏపీ1ను పట్టుకుని ఆ జట్టును చెడగొడుతుంది. కాబట్టి మిర్156 ఎక్కువైతే రంగు చిక్కబడుతుంది. కాండం మొదట్లో ఊదారంగు ఎక్కువగా ఉండి, పైకి పోయేకొద్దీ పలచబడటానికి కారణం ఇదే.

మిర్828 తీరు దీనికి పూర్తిగా వ్యతిరేకం. అది రంగును పెంచే ఎమ్‌వైబీ113 ఆర్‌ఎన్‌ఏను నేరుగా కోస్తుంది. టీఏఎస్4 అనే ఆర్‌ఎన్‌ఏను కూడా కోస్తుంది, ఆ ముక్క నుంచి మరికొన్ని చిన్న ఆర్‌ఎన్‌ఏలు పుడతాయి, వాటిలో ఒకటి పీఏపీ1, పీఏపీ2లను దెబ్బతీస్తుంది. అప్పుడు రంగు తగ్గుతుంది.

అపోహ: రంగు చేసే ఎంజైముల జన్యువులనే ఇవి నేరుగా కోస్తాయి. పెటూనియా తెల్లబడటమే అందుకు సాక్ష్యం.

వాస్తవం: కాదు. బాగా రుజువైన లక్ష్యాలు ఎక్కువగా ఎమ్‌వైబీ, ఎస్‌పీఎల్ వంటి నియంత్రక ప్రొటీన్లవే. 1990లో రంగు తయారీ ఎంజైమైన చాల్కోన్ సింథేస్ జన్యువు అదనపు ప్రతిని చేర్చినప్పుడు పెటూనియా పూలు తెల్లబడ్డాయి, నిజమే. కానీ అది జంట పోగుల ఆర్‌ఎన్‌ఏ నుంచి పుట్టే మరో రకం చిన్న ఆర్‌ఎన్‌ఏలైన ఎస్ఐఆర్‌ఎన్‌ఏల పని. పసుపు సోయా గింజ పొట్టులో రంగు లేకపోవడమూ అంతే. సీక్వెన్సింగ్ రీడ్లను (యంత్రం చదివిన చిన్న ఆర్‌ఎన్‌ఏ వరుసలను) జన్యువు మీద పరిస్తే తేడా కంటికే కనబడుతుంది. మైక్రో ఆర్‌ఎన్‌ఏ రీడ్లు హెయిర్‌పిన్‌లో (మడతపడిన మాతృ ఆర్‌ఎన్‌ఏలో) ఒకటి రెండు చోట్ల గుట్టపడతాయి. ఎస్ఐఆర్‌ఎన్‌ఏలు రెండు పోగుల మీదా చెల్లాచెదురుగా ఉంటాయి.

అపోహ: మైక్రో ఆర్‌ఎన్‌ఏ ఎక్కువున్న చోట లక్ష్యం తక్కువుంటే రుజువైనట్టే.

వాస్తవం: ఎక్కువ వ్యాసాలు బోల్తా పడేది ఇక్కడే. పీఏపీ1 తన హద్దు దాటకుండా తానే మిర్828ను, టీఏఎస్4ను పెంచుతుంది. అందుకని ఎర్రటి కణజాలంలో మైక్రో ఆర్‌ఎన్‌ఏ, లక్ష్యం రెండూ కలిసి పెరిగి కనిపించవచ్చు. అది చూసి సంబంధం లేదని కొట్టేయడం తప్పు. గ్రాఫ్ వ్యతిరేక దిశలో వచ్చినంత మాత్రాన సంబంధం ఉందనడమూ తప్పే.

కోత చూపించాలి. మొక్కల్లో ఏజీఓ1 అనే కోత ప్రొటీన్ లక్ష్యాన్ని కోసేది మైక్రో ఆర్‌ఎన్‌ఏ 10వ, 11వ న్యూక్లియోటైడ్‌ల ఎదురుగా. తెగిన దిగువ ముక్క 5' కొనన ఫాస్ఫేట్ ఉంటుంది కాబట్టి దానికి అడాప్టర్‌ను నేరుగా అతికించి, 5' రేస్ (ముక్క ఎక్కడ మొదలవుతుందో తేల్చే పద్ధతి) చేసి, క్లోన్లు సరిగ్గా ఆ చోటే మొదలవుతున్నాయా అని చూడాలి. లక్ష్యాలు చాలా ఉంటే, తెగిన ముక్కలన్నిటినీ ఒకేసారి చదివే డిగ్రేడోమ్ సీక్వెన్సింగ్ మేలు. అంతకన్నా గట్టి రుజువు ఇంకోటి ఉంది. ప్రొటీన్ మారకుండా కోడాన్లు మాత్రం మార్చి, మైక్రో ఆర్‌ఎన్‌ఏ అతుక్కోలేని లక్ష్యాన్ని మొక్కలో పెట్టాలి. మామూలు ప్రతిని పెట్టిన మొక్కకూ దీనికీ రంగులో తేడా వస్తే ఇక వాదన అక్కర్లేదు. జంతువుల కోసం రాసిన, 2 నుంచి 8 న్యూక్లియోటైడ్‌లు మాత్రమే చూసే ప్రోగ్రాములు మొక్కలకు వాడితే లెక్కలేనన్ని దొంగ లక్ష్యాలు వస్తాయి. ఇక్కడ దాదాపు మొత్తం పొడవూ జతకలవాలి.

అపోహ: ఆర్‌ఎన్‌ఏ తీసే ఏ పద్ధతైనా సరిపోతుంది.

వాస్తవం: రేకుల్లో పాలీఫినాల్స్ దండిగా ఉంటాయి. అవి ఆక్సీకరణ చెంది ఆర్‌ఎన్‌ఏకు అంటుకుంటాయి, ద్రావణం గోధుమ రంగుకు తిరుగుతుంది, శుద్ధతను చూపే 260/230 నిష్పత్తి పడిపోతుంది. ద్రవ నైట్రోజన్‌లో నూరి, 2% సీటీఏబీ (ఒక డిటర్జెంట్), 2% పీవీపీ (పాలీఫినాల్స్‌ను పట్టేది), 2% బీటా మెర్కాప్టోఇథనాల్ ఉన్న 65 డిగ్రీల బఫర్‌లో వేస్తే చాలావరకు తప్పుతుంది. ఆ తర్వాతే అసలు చిక్కు. లిథియం క్లోరైడ్ పెద్ద ఆర్‌ఎన్‌ఏలను దించుతుంది, చిన్నవి పైద్రవంలోనే ఉండిపోతాయి. మామూలు సిలికా కాలమ్‌లూ 200 న్యూక్లియోటైడ్‌ల లోపువాటిని జారవిడుస్తాయి. ఆ పైద్రవాన్ని పారబోయకుండా ఇథనాల్‌తో దించుకోవాలి.

అపోహ: విచ్చిన పువ్వు ఒక్కటి కోస్తే చాలు.

వాస్తవం: రంగు జన్యువులు జోరుగా పనిచేసేది మొగ్గ దశలోనే. పువ్వు విచ్చేసరికి అవి తగ్గుముఖం పట్టి ఉండొచ్చు, అప్పటికే చేరిన ఆంథోసయనిన్ మాత్రం రిక్తికలో (కణంలోని ద్రవపు సంచిలో) నిలిచే ఉంటుంది. మొగ్గలను పరిమాణాన్ని బట్టి దశలుగా వేరుచేసి కోయండి.

అపోహ: తెల్ల పువ్వులో ఫ్లేవనాయిడ్‌లు (ఆంథోసయనిన్ కుటుంబపు పదార్థాలు) ఉండవు.

వాస్తవం: చాలా తెల్ల పూలలో ఫ్లేవనాల్‌లు అనే ఫ్లేవనాయిడ్‌లు ఉంటాయి, మన కంటికి ఆనవు. అరబిడాప్సిస్‌లో మిర్858 లక్ష్యాలైన ఎమ్‌వైబీ11, 12, 111 నడిపేది వీటి తయారీనే. 1% హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపిన మిథనాల్‌తో తీసి, 530 నానోమీటర్ల కొలత నుంచి 657 కొలతలో పావు వంతు తీసేస్తే వచ్చేది ఆంథోసయనిన్ లెక్క మాత్రమే. మిర్858 మీద పనిచేసేవారు దానితో ఆగకుండా, పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీలో 350 నానోమీటర్ల దగ్గర ఫ్లేవనాల్‌లనూ కొలవాలి.