నంబరు లేని జాగా: పాత కాలనీల పార్కుల తగాదా ఎక్కడ మొదలైంది

భోగాపురం విమానాశ్రయానికి 2023 మేలో రెండోసారి శంకుస్థాపన జరిగింది. అప్పటి నుంచి విజయనగరంలో ఏ నలుగురు కలిసినా గజం ధర దగ్గరే మాట ఆగుతోంది. కొత్త లేఅవుట్ల హడావుడి సరే, అసలు గొడవ పాత కాలనీల్లో. యాభైలు, అరవైల్లో ఊరి శివార్లలో వెలిసిన కాలనీలు ఇప్పుడు నడిబొడ్డున పడ్డాయి. అక్కడ పార్కు కోసమని వదిలిన జాగాలో తెల్లవారేసరికి సిమెంటు స్తంభాలు లేస్తాయి, ఒక బోర్డు వేలాడుతుంది, కాలనీవాళ్లు అర్జీ పట్టుకుని కలెక్టరేటుకు వెళ్తారు. శ్రీకాకుళంలోనూ ఇదే తంతు. పత్రికల్లో ఇది ‘కబ్జా’ అనే ఒక్క మాటతో ముగుస్తుంది. కానీ బోర్డు పెట్టినవారి చేతిలోనూ కాగితాలుంటాయి. ఆ కాగితాలు ఎలా పుట్టాయన్నదే ఇక్కడి విషయం.

కోట, పటాలం, గజపతుల దానధర్మాలు అందరికీ తెలిసినవే. మనకు పనికొచ్చే కథ 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల (జమీందారీల) రద్దు చట్టంతో మొదలవుతుంది. మరుసటి ఏడే విజయనగరం ఎస్టేటు ప్రభుత్వం చేతికొచ్చింది. స్వాధీనం చేసుకోవడానికి ఒక ఉత్తర్వు చాలు. సర్వే చేసి, ఎవరి అనుభవంలో ఎంత ఉందో తేల్చి రైత్వారీ పట్టాలు (జమీందారు ప్రమేయం లేకుండా ప్రభుత్వం నేరుగా ఇచ్చే భూమి హక్కు పత్రాలు) ఇవ్వడం మాత్రం ఏళ్ల తరబడి సాగింది.

ఊళ్లు ఆగవు కదా. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడగానే ఆఫీసులు, వాటి వెంట గుమాస్తాలు, ఉపాధ్యాయులు, ఇంజనీర్లు ఆ పట్టణానికి వచ్చిపడ్డారు. అద్దె ఇళ్లు చాలలేదు. 1954లో కేంద్రం అల్పాదాయ వర్గాల గృహ పథకం తెచ్చింది. ఇంటి ఖర్చులో 80 శాతం దాకా, 8,000 రూపాయలకు మించకుండా అప్పు ఇచ్చేది. అలాంటి అప్పు అందుకోవడానికి ఉద్యోగులకు అనువైన దారి సహకార గృహనిర్మాణ సంఘం. పదిమంది చేరి వాటా సొమ్ము కట్టి, ఊరి చివర నాలుగైదు ఎకరాల మెట్ట కొనేవారు. లేఅవుట్ గీయించి టౌన్ ప్లానింగ్ డైరెక్టరు ఆమోదానికి పంపేవారు. ఆమోదం వచ్చాక చీట్లు తీసి ప్లాట్లు పంచుకునేవారు. ఆ ప్లానులో ప్రతి ప్లాటుకూ ఒక నంబరు, ప్రతి రోడ్డుకూ ఒక వెడల్పు రాసి ఉంటుంది. నంబరు లేని దీర్ఘచతురస్రం ఒకటే ఉంటుంది. దాని మధ్యలో ‘పార్కు’ అని ఉంటుంది, అంతే.

నేటి తగాదాకు మూలం అక్కడ లేదు. సంఘం తలుపులు మూసిన రోజుల్లో ఉంది.

1964లో ఆంధ్రప్రదేశ్ సహకార సంఘాల చట్టం, 1965లో మున్సిపాలిటీల చట్టం వచ్చాయి. అప్పటిదాకా ఈ సంఘాలు 1932 నాటి మద్రాసు సహకార చట్టం కింద, పురపాలికలు 1920 నాటి మద్రాసు చట్టం కింద నడిచేవి. ఒక చట్టం కింద పుట్టి, ఇంకో చట్టం కిందికి మారిన సంఘానికి అప్పటికే పని తగ్గిపోయింది. ప్లాట్లు పంచేశారు, వాయిదాలు తీరుతున్నాయి. కార్యదర్శి బదిలీ మీదో, పదవీ విరమణ చేసో వెళ్లిపోయేవాడు. మినిట్స్ (తీర్మానాల) పుస్తకం ఆయన ఇంట్లోని ట్రంకు పెట్టెలో ఉండిపోయేది. సంఘాన్ని ఎవరూ రద్దు చేయలేదు, నడపనూ లేదు.

రోడ్లకు ఈ దిక్కులేనితనం పట్టలేదు. జనానికి కుళాయి, కాలువ, వీధిదీపం కావాలి, అవి వేయాలంటే రోడ్డు మున్సిపాలిటీది కావాలి. అర్జీల మీద అర్జీలు పెట్టి మరీ రోడ్లను అప్పగించారు. పార్కు జాగా అంత అవసరంగా ఎవరికీ కనిపించలేదు. మిరపకాయలు ఎండబెట్టడానికి, పిల్లలు ఆడుకోవడానికి, వినాయక చవితి పందిరికి రిజిస్ట్రేషన్ ఎందుకు? జాగాను మున్సిపాలిటీకి దానంగా ఇస్తూ గిఫ్ట్ డీడ్ రాయాల్సిన సంఘం కాగితం మీదే ఉంది. రాయించుకోవాల్సిన మున్సిపాలిటీ అడగలేదు. ఇప్పుడైతే 2017 లేఅవుట్ నిబంధనల ప్రకారం రోడ్లు, పది శాతం ఖాళీ జాగా ముందు రాసిచ్చాకే తుది ఆమోదం వస్తుంది. ఆ జాగ్రత్త యాభై ఏళ్లు ఆలస్యంగా వచ్చింది.

దీనికి రెవెన్యూ రికార్డు తోడైంది. ఎస్టేటు సర్వే వాళ్లు చూసేది సర్వే నంబరును. ఆ నంబరులో సంఘం రోడ్లు వేసిందా, ప్లాట్లు పంచిందా అన్నది వాళ్ల లెక్కలోకి రాదు. ఫలితంగా కొన్నిచోట్ల సంఘానికి అమ్మేసిన రైతు పేరే అడంగల్‌లో, అంటే ఊరి భూముల రెవెన్యూ రికార్డులో, నిలిచిపోయింది. ప్లాట్లు కొన్నవారు ఆస్తి పన్ను రసీదు వచ్చింది చాలనుకున్నారు, తాలూకాఫీసు గడప తొక్కలేదు. దాంతో మున్సిపాలిటీ రికార్డులో కాలనీగా ఉన్న నేల, రెవెన్యూ రికార్డులో ఇంకా మెట్ట పొలమే.

ఆ మెట్టకు విలువ వచ్చింది 1979 జూన్ 1 తర్వాత. ఆ రోజు విశాఖ జిల్లా నుంచి కొన్ని తాలూకాలు, శ్రీకాకుళం నుంచి బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం, చీపురుపల్లి కలిపి విజయనగరం జిల్లా చేశారు. శ్రీకాకుళం 1950లో చూసిన సందడి విజయనగరానికి అప్పుడు వచ్చింది. రైతు మనవలకు తాతగారి పేరున ఇంకా భూమి ఉందని తెలిసిందీ ఆ తర్వాతే. అడంగల్ నకలు తీసి, వారసత్వ ధ్రువపత్రం జోడించి, ‘ఖాళీ స్థలం పన్ను కడతాం’ అని మున్సిపాలిటీకి దరఖాస్తు పెడితే, ఆదాయం వస్తుంది కదా అని పన్ను వేసినచోట్లు ఉన్నాయి. పార్కును కాపాడాల్సిన కార్యాలయమే దాన్ని ప్రైవేటు స్థలంగా లెక్కకట్టి రసీదు ఇచ్చిందన్నమాట! పన్ను రసీదు హక్కు పత్రం కాదని కోర్టులు ఎన్నిసార్లు చెప్పినా, సబ్ రిజిస్ట్రారు ముందు అదొక ఆధారంగా పనిచేస్తుంది.

వారసుల వాదన ఇది: మేం ఎవరికీ రాసివ్వలేదు, రిజిస్టరు దస్తావేజు చూపండి. సుప్రీంకోర్టు తీర్పునూ చూపుతారు. ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్‌పై చేత్ రామ్ వశిష్ఠ్ వేసిన కేసులో, లేఅవుట్ ఆమోదానికి షరతుగా పార్కు స్థలాన్ని ఉచితంగా బదిలీ చేయమనే అధికారం కార్పొరేషన్‌కు లేదని కోర్టు అన్న మాట నిజం. ఆ తీర్పును వారు అక్కడితో ఆపుతారు. ప్లానులో పార్కుగా చూపిన జాగాను యజమాని ప్రజల ప్రయోజనం కోసం అట్టిపెట్టుకున్నవాడే తప్ప, ఇష్టం వచ్చినట్టు అమ్ముకోదగిన సొంతదారు కాడని కూడా అందులోనే ఉంది. 1991లో బెంగళూరు మెడికల్ ట్రస్టు కేసులో పార్కు జాగాను ఆసుపత్రికి ఇవ్వడాన్నే కోర్టు కొట్టేసింది. పైగా సంఘానికి మొత్తం విస్తీర్ణం అమ్మి సొమ్ము పుచ్చుకున్న రైతుకు ఆ జాగాలో మిగిలింది ఏమిటి? ఆ అమ్మకపు దస్తావేజు ఈసీలో (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితాలో) కనిపిస్తే వాదన అక్కడే కూలుతుంది. కంప్యూటర్లో దొరికే ఈసీలు అంత వెనక్కి పోవు గనుక రిజిస్ట్రారు ఆఫీసులో పాత సంపుటాలు తిరగేయించాలి.

కాలనీవాళ్ల వైపు లోపం లేదని కాదు. కొన్నిచోట్ల అదే జాగాలో ఒక మూల కోవెల కట్టారు, ఇంకో మూల వాటర్ ట్యాంకు, అంగన్‌వాడీ వచ్చాయి. అవతలి లాయరు ఫొటోలు చూపి ‘ఇది పార్కా?’ అని అడిగితే తడబడక తప్పదు.

ఆమోదించిన ప్లాను అసలు ప్రతి దొరకడం ఇంకో తిప్పలు. 1953కు ముందువి మద్రాసులో మొదలయ్యాయి. తర్వాత రాజధాని కర్నూలు, ఆపై హైదరాబాదు, 2014 తర్వాత మళ్లీ ఇటు. రాజధాని మారినప్పుడల్లా దస్త్రాలూ ప్రయాణం చేశాయి. అందుకే సంఘం సభ్యుల కుటుంబాల దగ్గరున్న పాత బ్లూప్రింటుకు ఇప్పుడు అంత విలువ.

మున్సిపాలిటీ కోర్టు తీర్పు వచ్చేదాకా ఆగాల్సిన పనిలేదు. పార్కు జాగా మీద వేసిన ఖాళీ స్థలం పన్నును రద్దు చేసి, రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ సెక్షన్ కింద, రిజిస్టరు చేయకూడని ఆస్తుల నిషేధిత జాబితాలో చేర్చమని రాయవచ్చు. సంతకానికి మనిషి లేడన్న సాకు కూడా చెల్లదు. నిద్రపోతున్న సంఘాన్ని మూసివేతకు తీసుకుని, దాని ఆస్తులు, అప్పులు తేల్చే లిక్విడేటరును నియమించే అధికారం సహకార శాఖకు 1964 చట్టంలోనే ఉంది. సంఘం తరఫున ఆ గిఫ్ట్ డీడ్ మీద ఆయన సంతకం చేయవచ్చు.