గొంతు బాగుంటేనే డెబ్బై ఏళ్లు పాడగలరా? షార్ల్ అజ్నవూర్ - అపోహలు, వాస్తవాలు

అపోహ: మంచి గొంతుతో పుట్టినవాళ్లే అన్నేళ్లు నిలుస్తారు.

వాస్తవం: ఆర్మేనియన్ దంపతులకు 1924 మే 22న పారిస్‌లో పుట్టిన ఫ్రెంచ్ గాయకుడు, పాటల రచయిత అజ్నవూర్‌కు మొదట్లో అడ్డు తగిలింది గొంతే. జీర గొంతు అనీ, పొట్టివాడనీ విమర్శకులు వెక్కిరించారు. ప్రసిద్ధ ఫ్రెంచ్ గాయని ఎదిత్ పియాఫ్ తన పర్యటనలకు వెంట తీసుకెళ్లినా, రచయితగా పేరొచ్చినా, గాయకుడిగా పెద్ద విజయం దక్కేసరికి 36 ఏళ్లు నిండాయి. 1960 డిసెంబరులో పారిస్‌లోని ఆలాంబ్రా వేదిక మీద ఆయన్ని నిలబెట్టిన పాట, అప్పటికే పేరున్న గాయకుడు ఇవ్ మోంతాన్ వద్దన్న పాట. కీర్తి కోసం ఎదురుచూసి ముసలివాడైన గాయకుడి గోడు అది. నున్నటి గొంతుతో ఆ గోడు పాడితే ఎవరూ నమ్మరు.

జీర గొంతుతో పాడేవారు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. స్వరతంత్రులు (గొంతులో కంపించి శబ్దం పుట్టించే మడతలు) పూర్తిగా కలవనప్పుడు గాలి ఎక్కువ ఖర్చవుతుంది. అందుకే ఊపిరి ఎక్కడ తీసుకోవాలో రాగాన్ని బట్టి కాక, వాక్యంలో అర్థం విరిగే చోటును బట్టి ముందే గుర్తు పెట్టుకోవాలి.

అపోహ: నటన ఆయనకు పక్క వ్యాపకం.

వాస్తవం: 1960లో ఫ్రెంచ్ దర్శకుడు త్రుఫో సినిమాలో పియానో వాయించే కథానాయకుడు ఆయనే. 1979లో 'ది టిన్ డ్రమ్'లో బొమ్మల కొట్టు యజమాని, 2002లో 'అరారత్'లో సినిమా దర్శకుడు. పాటల్లోనూ అదే నటన. 1965 నాటి 'లా బోయెమ్' అనే చిత్రకారుడి పాట పాడేటప్పుడు ఆయన చేతిలోని తెల్ల రుమాలు చిత్రకారుడి రంగుల గుడ్డ అయిపోయేది. పాట చివర్లో అది నేల మీద పడేది. ఒక పాటకు ఒక్క వస్తువు చాలు. అది జేబులోంచి ఎప్పుడు వస్తుందో, చివరికి ఎక్కడికి చేరుతుందో ముందే తేల్చుకోవాలి. చెయ్యి మాటకన్నా రవ్వంత ముందు కదలాలి. మాట తర్వాత కదిలితే పిల్లల అభినయ గీతంలా ఉంటుంది.

అపోహ: శ్రుతి తగ్గించడమంటే ఓటమి ఒప్పుకోవడం.

వాస్తవం: ఇది మా రంగంలో ఎక్కువ గొంతులను పాడుచేసిన నమ్మకం. వయసుతో స్వరతంత్రుల కండ పలచబడుతుంది, మధ్యలో సందు మిగులుతుంది. ఆ సందును బలవంతంగా మూయబోతే మెడ బిగుస్తుంది, స్వరం వణుకుతుంది. రెండు శ్రుతిలో పాడేవారు ముందు ఒకటిన్నరకు దిగి చూడాలి. పరీక్ష సాధన మొదట్లో కాదు, చివర్లో పెట్టుకోవాలి: పాటలోని అత్యంత పై స్వరం మూడోసారి కూడా తేలిగ్గా పలికితే ఆ శ్రుతి సరైనది. మరీ దించేస్తే కింది స్వరాల్లో మాటలు వాద్యాల కింద మునిగిపోతాయి.

వేదిక ఎక్కేముందు గ్లాసు నీళ్లలో స్ట్రాను 2-3 సెంటీమీటర్లు ముంచి, ఐదు నిమిషాలు గొంతు పలికిస్తూ ఊదండి. బుడగలు ఒకే తీరుగా రావాలి. తెగితెగి వస్తే ఊపిరి ఒత్తిడి నిలకడగా లేదని అర్థం. అప్పుడు పాట కాదు, ముందు ఊపిరి సరిచేయాలి. పాటల మధ్య తాగే గుక్క నోటి తడి కోసమే. అది స్వరతంత్రులను తాకదు. వాటికి కావలసిన తడి రోజంతా తాగిన నీళ్ల నుంచే అందుతుంది.

అపోహ: తెర మీద సాహిత్యం చూసి పాడటం మోసం.

వాస్తవం: చివరి ఏళ్లలో ఆయన తెర వాడారు, దాన్ని దాచలేదు. 2018 సెప్టెంబరు 19న ఒసాకాలో చివరి కచేరీ చేసేనాటికి ఆయనకు 94 ఏళ్లు. అక్టోబరు 1న కన్నుమూశారు. తెరను వేదిక అంచున, కింద, మధ్యలో పెట్టాలి. పాటలో ప్రతి పాదం మొదట్లో కన్ను తెర మీద వాలాలి, చివరి మాటకు ప్రేక్షకుల మీద ఉండాలి.

అపోహ: ఫ్రెంచ్ పాటంతా ముక్కుతోనే పాడాలి.

వాస్తవం: కొన్ని అచ్చులకే ఆ పని. మనవాళ్లు అక్కడ 'న్' చేర్చేస్తారు. నాలుక పైకి తగలకూడదు; అరసున్న పలికినట్టు అచ్చులోనే ఆగిపోవాలి. ముక్కు మూసి పాడి చూడండి: ఆ అచ్చులు మాత్రమే మారాలి, మిగతావి మారితే తప్పు.