అమెరికాలో రెండు పార్టీలు, పనిచేసే మనిషి: యూనియన్ పనిలో నేను రోజూ వినే అపోహలు

నేను న్యూజెర్సీలో యూనియన్ ఆర్గనైజర్‌ని. షిఫ్టు దిగి కారెక్కబోతున్న నర్సింగ్ అసిస్టెంట్లతో, గిడ్డంగుల్లో పెట్టెలు మోసేవాళ్లతో పార్కింగ్ లాట్‌లో నిలబడి మాట్లాడటం, యూనియన్ కావాలనే కార్డు మీద సంతకం అడగటం నా పని. ఒకచోట పనిచేసేవాళ్లలో కనీసం 30 శాతం మంది సంతకం పెడితే జాతీయ కార్మిక సంబంధాల బోర్డు ఎన్నిక జరిపిస్తుంది. పోలైన ఓట్లలో సగానికి మించి వస్తే యూనియన్ వచ్చినట్టే. చెప్పడానికి ఇంతే. కానీ ఆ సంతకం దాకా వచ్చేలోపు మా మధ్య జీతం కంటే పార్టీల మాటే ఎక్కువసేపు నడుస్తుంది. నేను వామపక్షం మనిషిని, అది దాచి ఈ పని చేయలేదు. ఎదురుపడిన మాటలకు నాకు తెలిసిన జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: రెండు పార్టీలూ ఒకటే, ఎవరు గెలిస్తే మనకేంటి?

ఇది మావైపు వాళ్లే ఎక్కువగా అనే మాట, అందుకే ముందు దీని సంగతి చెప్పాలి. ఒకటి కాదు. నేను చెప్పిన ఆ బోర్డులో ఉండేది ఐదుగురు సభ్యులు. వాళ్లను నియమించేది అధ్యక్షుడు. 2025 జనవరిలో ట్రంప్ వాళ్లలో ఒక సభ్యురాలిని పదవీకాలం ముగియకముందే తీసేశారు. అప్పటికే రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి కాబట్టి బోర్డుకు కోరమ్, అంటే తీర్పులివ్వడానికి ఉండాల్సిన కనీస సభ్యుల సంఖ్య, లేకుండా పోయింది. ఆ గొడవ కోర్టుల్లో తిరుగుతుంటే బోర్డు ముందుకు రావాల్సిన కేసులు నెలల తరబడి ఆగిపోయాయి. యూనియన్ పెట్టబోయాడని ఉద్యోగం పోగొట్టుకున్న మనిషికి ఆ నెలలంటే ఇంటి అద్దె. కాబట్టి తేడా ఉంది. ఆ తేడా ఎక్కడిదాకా వచ్చి ఆగిపోతుందన్నదే అసలు విషయం.

అపోహ: డెమొక్రాట్లది కార్మికుల పార్టీ, మెజారిటీ వస్తే చట్టాలు మారిపోతాయి

దీని మీద ఎక్కువసేపు మాట్లాడాలి, ఎందుకంటే మావాళ్లు ఎక్కువగా దెబ్బతిన్నది ఈ నమ్మకంతోనే.

యూనియన్ పెట్టుకునే హక్కు 1935లో వాగ్నర్ చట్టంతో వచ్చింది. ఆ చట్టం కూడా పొలం కూలీలనూ ఇళ్లలో పనిచేసేవాళ్లనూ బయటే ఉంచింది. దక్షిణాదిలో ఆ పనులు చేసేవాళ్లలో ఎక్కువమంది నల్లజాతి వాళ్లు. 12 ఏళ్ల తర్వాత, 1947లో, ఆ హక్కు నడ్డి విరుస్తూ టాఫ్ట్-హార్ట్‌లీ చట్టం వచ్చింది. ఒక కంపెనీలో సమ్మె జరుగుతుంటే ఇంకో కంపెనీ కార్మికులు తమ దగ్గర పని ఆపి దానికి మద్దతివ్వడం చట్టవిరుద్ధమైంది. యూనియన్ తెచ్చిన జీతం అందుకుంటూ చందా మాత్రం కట్టకుండా ఉండేలా రాష్ట్రాలు చట్టం చేసుకోవచ్చంది. దీనికే 'రైట్ టు వర్క్' అని పేరు పెట్టారు. పేరు చూసి పనికి హక్కు అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. టెక్సాస్‌తో కలిపి 26 రాష్ట్రాల్లో ఇవాళ ఆ చట్టముంది. అధ్యక్షుడు ట్రూమన్ టాఫ్ట్-హార్ట్‌లీని వీటో చేశారు, కాంగ్రెస్ ఆ వీటోను తోసేసింది. అలా తోసేయడానికి ప్రతినిధుల సభలో ఆయన పార్టీవాళ్లలోనే సగానికి మించి ఓటేశారు.

1948లో ట్రూమన్ ఆ చట్టాన్ని రద్దు చేస్తానని చెప్పి గెలిచారు. రెండు సభలూ డెమొక్రాట్ల చేతికొచ్చాయి. రద్దు కాలేదు. 1977లో కార్టర్ హయాంలో కార్మిక చట్టాల సవరణ బిల్లు ప్రతినిధుల సభ దాటింది. మరుసటి ఏడాది సెనెట్‌లో డెమొక్రాట్లకు భారీ మెజారిటీ ఉన్నా, చర్చను సాగదీసి బిల్లును ఆపే ఫిలిబస్టర్‌ను దాటాలంటే 60 ఓట్లు కావాలి. వచ్చినవి 58. 2009లో ఒబామా అధ్యక్షుడు, సెనెట్‌లో ఒక దశలో వాళ్ల బలం 60. కార్డు సంతకాలతోనే యూనియన్‌ను గుర్తించాలన్న బిల్లు సెనెట్‌లో ఓటింగ్ దాకా కూడా రాలేదు. 2021లో యూనియన్ పెట్టుకోవడాన్ని సులువు చేసే ప్రో యాక్ట్ బిల్లు ప్రతినిధుల సభలో నెగ్గి సెనెట్ గుమ్మంలో ఆగిపోయింది.

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య. మావాళ్లు ఇంటింటికీ తిరిగి తలుపులు కొట్టి గెలిపించిన ప్రతిసారీ ఇదే జరిగింది.

దీని ఫలితం ఎలా ఉంటుందో చెబుతాను. యూనియన్ పెట్టబోయినందుకు ఒకరిని తీసేస్తే కంపెనీకి పడే జరిమానా ఎంతో తెలుసా? సున్నా. ఏళ్ల తర్వాత కేసు గెలిస్తే పోయిన జీతం ఇవ్వాలి, అందులోనూ ఈలోపు ఆ మనిషి వేరేచోట సంపాదించుకున్నది మినహాయిస్తారు. ఒకర్ని తీసేస్తే మిగతా వందమంది భయపడతారని కంపెనీ లాయర్లకు తెలుసు. 1950ల మధ్యలో ప్రతి ముగ్గురు ఉద్యోగుల్లో ఒకరు యూనియన్‌లో ఉండేవారు. ఇప్పుడు పదిమందిలో ఒకరు, ప్రైవేటు రంగంలో ఆరు శాతమే. ఫ్యాక్టరీలు తరలిపోవడం ఒక కారణం నిజమే, కానీ ఆ తరలింపుకు దారి తెరిచిన నాఫ్టా (అమెరికా, కెనడా, మెక్సికోల వాణిజ్య) ఒప్పందం బుష్ సంతకంతో మొదలై క్లింటన్ చేతుల మీదుగా చట్టమైంది.

2022 డిసెంబర్ సంగతి కూడా చెప్పాలి. రైల్వే కార్మికులు అడిగింది జ్వరమొస్తే జీతం కోత లేకుండా సెలవు. దాని కోసం సమ్మెకు సిద్ధమయ్యారు. యూనియన్లకు తనంత అనుకూలమైన అధ్యక్షుడు లేడని చెప్పుకున్న బైడెన్, వాళ్లలో నాలుగు యూనియన్లు ఓటేసి తిరస్కరించిన ఒప్పందాన్నే వాళ్ల మీద రుద్దమని కాంగ్రెస్‌ను కోరారు. సెనెట్ 80-15 ఓట్లతో సమ్మెను ఆపేసింది. ఏడు రోజుల జబ్బు సెలవు ప్రతిపాదనకు 52 ఓట్లొచ్చినా 60 కావాలి కనుక ఓడిపోయింది. సరుకు రవాణా ఆగకూడదనుకున్నప్పుడు రెండు పార్టీలూ ఎంత వేగంగా ఒక్కటయ్యాయో ఆ వారం చూశాను. కనీస వేతనం విషయంలో ఆ వేగం ఎప్పుడూ లేదు. ఫెడరల్ కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు, 2009 జూలై నుంచి ఇంతే. 15 డాలర్లు చేద్దామని 2021 మార్చిలో వామపక్ష సెనెటర్ బెర్నీ శాండర్స్ పెట్టిన సవరణను సెనెట్ 58-42తో తిప్పికొట్టింది. వద్దన్నవాళ్లలో ఎనిమిది మంది డెమొక్రాట్ల పక్షం వాళ్లే.

అపోహ: రెడ్ స్టేట్ (రిపబ్లికన్లను గెలిపించే రాష్ట్రం) జనానికి కార్మిక హక్కులంటే పడదు

మిస్సోరీ ట్రంప్‌కు వరుసగా మూడుసార్లు ఓటేసిన రాష్ట్రం. అక్కడి శాసనసభ రైట్ టు వర్క్ చట్టం చేస్తే, 2018లో ప్రజాభిప్రాయ సేకరణలో జనం దాన్ని మూడింట రెండొంతుల మెజారిటీతో కొట్టేశారు. 2024లో అదే బ్యాలెట్ మీద ట్రంప్‌నూ గెలిపించారు, 15 డాలర్ల కనీస వేతనాన్నీ జబ్బు సెలవునూ గెలిపించారు. ఫ్లోరిడా 2020లో అదే పని చేసింది, అక్కడ 15 డాలర్లకు 60 శాతం పైగా ఓట్లొచ్చాయి. పార్టీ పేరు పక్కన పెట్టి విషయం అడిగితే జనం ఎటున్నారో తెలుస్తోంది. మరి జనం గెలిపించిన ఆ జబ్బు సెలవును మిస్సోరీ శాసనసభ 2025లో రద్దు చేసేసింది. ఈ వార్త చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

అపోహ: ఇద్దరూ నచ్చకపోతే మూడో పార్టీ పెట్టుకోవచ్చుగా?

మన తెలుగువాళ్లు అడిగే ప్రశ్న ఇది. ఎన్టీఆర్ పార్టీ పెట్టి తొమ్మిది నెలల్లో గెలవలేదా అంటారు. ఇక్కడ అధ్యక్ష పదవి ఒక్కటే, దాదాపు ప్రతి రాష్ట్రంలో ముందున్నవాడికే ఆ రాష్ట్రం ఎలక్టోరల్ ఓట్లన్నీ, అధ్యక్షుణ్ని తేల్చేవి ఆ ఓట్లే. 1992లో రాస్ పెరోకు దేశవ్యాప్తంగా దాదాపు 19 శాతం ఓట్లొచ్చాయి, ఎలక్టోరల్ ఓట్లు ఒక్కటీ రాలేదు. బ్యాలెట్ మీద పేరు రావడానికి ఒక్కో రాష్ట్రంలో ఒక్కో నిబంధన, వేలకు వేల సంతకాలు. ఆ నిబంధనలు రాసేది ఈ రెండు పార్టీల శాసనసభ్యులే.

అయినా జరగలేదని కాదు. మిన్నెసోటాలో ఫార్మర్-లేబర్ పార్టీ 1930ల్లో గవర్నర్ పదవి గెలిచింది. మిల్వాకీ నగరాన్ని సోషలిస్టు మేయర్లు 1960 దాకా మూడు విడతలుగా పాలించారు. నార్త్ డకోటా రైతులు వడ్డీలకూ గోధుమ వ్యాపారులకూ విసిగి, రిపబ్లికన్ ప్రైమరీల్లో (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికల్లో) తమ మనుషుల్ని గెలిపించుకుని, 1919లో ప్రభుత్వ బ్యాంకు పెట్టించారు. ఆ బ్యాంకు ఇప్పటికీ ఉంది. న్యూయార్క్‌లో జోహ్రాన్ మమ్‌దానీ 2025లో మేయర్‌గా గెలిచింది కూడా డెమొక్రాట్ల ప్రైమరీలోంచి వచ్చే. లోపలి నుంచా, బయటి నుంచా అనే వాదన మాలో ఎప్పటికీ తెగదు. పనిచేసేచోట సంఘం లేకుండా రెండూ నిలవవని నా అనుభవం.

అపోహ: యూనియన్లూ డబ్బు పెడతాయి, కార్పొరేట్లూ పెడతాయి, సమానమే కదా

ఎన్నికల మీద ఎంతైనా సొంతంగా ఖర్చుపెట్టొచ్చన్న 2010 నాటి సుప్రీంకోర్టు సిటిజన్స్ యునైటెడ్ తీర్పు ఇద్దరికీ తలుపు తెరిచిన మాట నిజం. కానీ మా డబ్బు సభ్యుల చందా. 2024లో ఎలాన్ మస్క్ ఒక్కడే 25 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టాడు. ప్రభుత్వ ఉద్యోగి యూనియన్‌కు పైసా కట్టకుండా ఉండొచ్చని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. మన 401కె (రిటైర్మెంట్ పొదుపు) డబ్బుతో షేర్లు కొన్న కంపెనీ రాజకీయాలకు ఖర్చుపెడితే, నా వాటా వద్దు అని మనం చెప్పే దారి లేదు.

అపోహ: మనం వీసా మీద ఉన్నాం, యూనియన్ మనకు కాదు

ఎడిసన్‌లో ఓ తమ్ముడు నాతో అన్నాడు: "అక్కా, నాకు ఉద్యోగం పోతే 60 రోజులు. పిల్లలు స్కూల్లో ఉన్నారు. నువ్వు సంతకం అడుగుతున్నావు." ఆ టెన్షన్ నిజం, దాన్ని తేలిగ్గా తీసుకోను. హెచ్1బీ మనిషికి ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజుల్లో కొత్త స్పాన్సర్‌ను చూసుకోవాలి. గ్రీన్ కార్డు క్యూలో ఏటా ఒక్కో దేశానికి ఏడు శాతమే అన్న పరిమితి వల్ల మనవాళ్లు ఏళ్లకేళ్లు ఒకే యజమానికి కట్టుబడి ఉంటున్నారు. ఆ పరిమితిని ఏ పార్టీ ప్రభుత్వమూ ఎత్తేయలేదు.

కానీ చట్టం మాట వేరు. సూపర్‌వైజర్ కాని ప్రైవేటు ఉద్యోగి దాదాపు ఎవరైనా, ఏ వీసా మీద ఉన్నా, జీతం గురించి తోటివాళ్లతో మాట్లాడొచ్చు, కలిసి ఫిర్యాదు చేయొచ్చు, యూనియన్‌లో చేరొచ్చు. జీతం ఎవరికీ చెప్పకూడదని మేనేజర్ అంటే ఆ మాటే చట్టవిరుద్ధం. అలా అన్నప్పుడు తేదీ, సమయం, ఎవరున్నారో ఇంటికొచ్చి కాగితం మీద రాసిపెట్టుకోండి, ఆఫీసు ల్యాప్‌టాప్‌లో వద్దు. బోర్డులో ఫిర్యాదు వేయడానికి గడువు ఆరు నెలలే. ఆ తమ్ముడు రాసిపెట్టుకున్నాడు. సంతకం ఇంకా పెట్టలేదు, వచ్చే ఆదివారం వాళ్లింటికి రమ్మన్నాడు.