పక్క చేనులో బోరు, 1.4 కోట్ల సమీకరణాలు

పక్క చేనులో కొత్త బోరు పడితే మన బోరు ఎప్పటికి ఎండుతుందని నల్గొండలో ఏ రైతునడిగినా ఏదో ఒక అంచనా చెప్తాడు. కంప్యూటర్‌తో చెప్పించాలంటే మాత్రం ముందు జిల్లాను గడులుగా కొయ్యాలి.

ఉమ్మడి జిల్లా విస్తీర్ణం సుమారు 14 వేల చదరపు కిలోమీటర్లు. గడికి 100 మీటర్ల చొప్పున కోస్తే 14 లక్షల గడులు. పైన మెత్తబడిన రాయి, కింద పగుళ్లున్న గ్రానైట్, ఇంకా కింద గట్టి బండ. లోతును 10 పొరలు చేస్తే మొత్తం 1.4 కోట్ల గడులు. ఒక్కో గడిలో నీటిమట్టం ఎంతో తెలియదు కాబట్టి సమీకరణాలూ అన్నే. మర్రిగూడ, మునుగోడు వైపు నీళ్లలో ఫ్లోరైడ్ ఎటు కదులుతుందో చూడాలన్నా ముందు ఈ లెక్కే తేలాలి.

ఈ సమీకరణాల గుణకాలన్నీ ఒక పట్టికలో పెడితే అది 1,500 టెరాబైట్లు దాటుతుంది. అయితే అందులో దాదాపు అన్నీ సున్నాలే. నీళ్లు పక్క గడిలోకే పోతాయి గానీ మిర్యాలగూడ నుంచి దేవరకొండకు దూకవు కదా! నాలుగు పక్కల గడులు, పైదొకటి, కిందదొకటి, తనతో కలిపి ఏడు అంకెలు. సున్నాలు వదిలేసి వీటినే దాస్తే 1.2 గిగాబైట్లు చాలు, మామూలు ల్యాప్‌టాప్‌లో పడుతుంది. పది లక్షల రెట్లకు పైగా పొదుపు! ఏ కొత్త చిప్పూ ఒక్క దెబ్బకు ఇంత ఇవ్వదు.

బడిలో నేర్చుకున్నట్టు ఒక్కో రాశినీ తొలగిస్తూ పోతే ఆ సున్నాల చోట మళ్లీ అంకెలు పుట్టుకొస్తాయి. అందుకే 1952లో హెస్టెనెస్, స్టీఫెల్ ప్రచురించిన పద్ధతి లాంటివి వాడతారు: ఒక ఊహతో మొదలుపెట్టి అడుగడుగునా సరిదిద్దుకోవడం. గడి సైజు సగం చేస్తే ఇందులో అడుగులు దాదాపు రెట్టింపవుతాయి. మల్టీగ్రిడ్ అనే పద్ధతి పెద్ద గడుల మీద కూడా తప్పును సరిదిద్ది ఆ పెరుగుదలను ఆపుతుంది.

ఇక పంపకం. గడులను వెయ్యి ప్రాసెసర్లకు పంచితే, అవి హద్దుల్లోని అంకెలను 1994 నాటి ఎంపీఐ ప్రమాణం ప్రకారం ఇచ్చిపుచ్చుకుంటాయి. కానీ ప్రతి అడుగులో అందరి లెక్కా కలిపి ఒక మొత్తం తీయాలి. అక్కడ అందరూ వెనకబడ్డవాడి కోసం ఆగాల్సిందే. ప్రాసెసర్లు పెంచేకొద్దీ పని తగ్గి, ఎదురుచూపు పెరుగుతుంది. అమెరికా సూపర్‌కంప్యూటర్ ఫ్రాంటియర్ 2022లో సెకనుకు 1 పక్కన 18 సున్నాలన్ని లెక్కలు దాటింది. అది నిండు పట్టికల పరీక్ష. సున్నాల పట్టికల పరీక్షలో దాని వేగం అందులో ఒక శాతం పైచిలుకే! అంకెలు మెమరీ నుంచి వచ్చేదాకా ప్రాసెసర్ ఖాళీగా కూర్చుంటుంది మరి.

ఈ తంటాలన్నీ భూగర్భ శాస్త్రవేత్త పడక్కర్లేదు. అమెరికాలోని ఆర్గాన్ ల్యాబ్‌లో పుట్టిన పెట్సీ, జపాన్‌లో పుట్టిన లిస్ లాంటి ఉచిత ప్రోగ్రామ్ లైబ్రరీలు వీటిని తమలో దాచుకుంటాయి. ల్యాప్‌టాప్‌లో రాసిన ప్రోగ్రామ్ పెద్దగా మార్చకుండానే సూపర్‌కంప్యూటర్‌లో నడుస్తుంది.

అయినా గ్రానైట్‌లో పగుళ్లు ఎక్కడెక్కడున్నాయో బోరు వేసిన చోట తప్ప కచ్చితంగా తెలియదు. రాతిలోంచి నీళ్లు ఎంత తేలిగ్గా పోతాయన్న అంకెను మార్చి మార్చి, అదే మోడల్‌ను వందలసార్లు నడపాలి. అప్పుడు జవాబు ‘ఇంత నుంచి ఇంత దాకా’ అని వస్తుంది. ఒక రన్‌కు ఇంకోదానితో పని లేదు కాబట్టి వీటిని పంచడం తేలిక, ఎవరి కోసం ఎవరూ ఆగరు. ల్యాప్‌టాప్‌లో పట్టే మోడల్‌కు పెద్ద యంత్రం నిజంగా అవసరమయ్యేది ఇక్కడే.